తుంగభద్రకు ఇటు ఒక లెక్క, అటు ఒక లెక్క

కర్నూలులో జుమా నమాజు ముగిసి మెట్లు దిగుతుండగా ఇద్దరు తోడల్లుళ్ళు నన్ను ఆపారు. ఒకాయన ఇక్కడే దర్జీ పని చేస్తారు. రెండో ఆయన నది దాటి అలంపూర్ వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చారు. ఆ రెండో ఆయన చేతిలో ఒక కాగితం, ముఖంలో ఒక ప్రశ్న. ఆయన ఉర్దూలో అన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను: "మాస్టర్ సాబ్, మా అమ్మాయికి ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల్లో 600కు 570 వచ్చాయి. మా వీధిలోనే ఉన్న అబ్బాయికి 480. ఇప్పుడు వాడు వేల ర్యాంకులు ముందున్నాడు. రెండేళ్ళు రాత్రింబవళ్ళు చదివినదంతా ఎక్కడికి పోయింది?"

నేను కాగితం తీసుకొని చూశాను. ప్రవేశ పరీక్షలో అమ్మాయికి 160కి 60 మార్కులు, అబ్బాయికి 68. తేడా కేవలం ఎనిమిది ప్రశ్నలు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఇంకో లెక్క వేసి చూపించాను. అది విని ఆ పెద్దమనిషి చాలాసేపు మాట్లాడలేదు.

పాఠకులకు కూడా ఆ లెక్క చెప్పడం అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో ఎంసెట్ ర్యాంకు వేసేటప్పుడు పరీక్ష మార్కులకు 75 పాళ్ళు, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 పాళ్ళు ఇచ్చే పద్ధతి వుండేది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఈ 25 పాళ్ళను తీసివేసింది. అక్కడ ర్యాంకు పూర్తిగా పరీక్ష మార్కులతోనే. ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ కాలంలో దీన్ని ఆపి, 2023లో తిరిగి తెచ్చారు. 2024 పరీక్షలోనూ అది నడిచింది. ఇప్పుడు ఆ ఇద్దరు పిల్లల మార్కులను నదికి ఇవతలి లెక్కలో పెట్టండి. అమ్మాయి ఇంటర్ మార్కులకు 23.75, పరీక్షకు 28.125, మొత్తం 51.875. అబ్బాయి ఇంటర్‌కు 20, పరీక్షకు 31.875, మొత్తం అదే 51.875. ఇద్దరూ సరిసమానం! అంటే ఇంటర్‌లో 90 మార్కుల కష్టం ప్రవేశ పరీక్షలో 8 ప్రశ్నలకు సాటి. అదే పిల్ల, అదే చదువు, అదే తెలివి. వంతెనకు ఇటువైపు పుడితే పక్కింటి అబ్బాయి సరసన నిలబడేది. అటువైపు పుట్టింది కాబట్టి వెనకబడింది.

మనలో చాలామంది "మెరిట్" అనే మాటను తూకం రాయిలా ఎక్కడైనా ఒకే బరువు ఉండే వస్తువుగా భావిస్తారు. కానీ ఆ రాయిని చెక్కేది ప్రభుత్వ ఉత్తర్వు. ఒక జీవోతో అది తగ్గుతుంది, మరో జీవోతో పెరుగుతుంది. ఈ సంగతి తెలియక పిల్ల తనను తాను నిందించుకుంటుంది, తండ్రి పిల్లను నిందిస్తాడు.

అయితే తెలంగాణ చేసింది అన్యాయమని ఒక్క మాటతో తేల్చడం కూడా సరికాదు. ఇంటర్ బోర్డు, సి.బి.ఎస్.ఇ., ఇతర బోర్డుల విద్యార్థులు ఒకే పరీక్ష రాస్తారు. ఒక బోర్డు మార్కులు ధారాళంగా ఇస్తుంది, ఇంకొకటి పిసినారి. వీటిని ఒకే త్రాసులో ఎలా తూయాలి? బోర్డు మార్కుల మీదనే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో ఢిల్లీ విశ్వవిద్యాలయం చూపించింది. 2021లో అక్కడి కొన్ని కళాశాలల్లో కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు పెట్టారు. నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకున్న పిల్లవాడు కూడా గేటు బయటే నిలబడ్డాడు. మరుసటి సంవత్సరం, 2022లో, కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ చేరికలకు సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. దాన్ని తెలుగు, ఉర్దూతో సహా 13 భాషల్లో పెట్టారు.

కాబట్టి పరీక్ష ఉండాలా వద్దా అని వాదించుకోవడం కంటే, పరీక్ష చేతికి ఎంత అధికారం ఇవ్వాలి అని అడగడం మంచిది. ఒక ఉదయం మూడు గంటల చేతిలో రెండేళ్ళ చదువును పూర్తిగా పెట్టేస్తే ఏమవుతుందో ఉపాధ్యాయులకు బాగా తెలుసు. ఇంటర్ తరగతి గది ఖాళీ అవుతుంది. ప్రయోగశాలకు తాళం పడుతుంది. భాషా పాఠాలు మూలన పడతాయి. నాలుగు జవాబుల్లో తప్పు మూడింటిని ఎలా కొట్టివేయాలో నేర్పే చోట మాత్రం దీపాలు అర్ధరాత్రి దాకా వెలుగుతుంటాయి. ఆ దీపాల కింద కూర్చోవడానికి ఫీజు కావాలి. 25 పాళ్ళు ఉన్నంతకాలం ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివే పేదపిల్లకు ఒక చిన్న ఆసరా ఉండేది. పాఠం వింటే దానికీ విలువ ఉంటుందన్న ఆసరా అది.

ఇందులో నవ్వు తెప్పించే సంగతి కూడా ఒకటి వున్నది. ఈ పరీక్షలో 160 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు, తప్పుకు మార్కు కోత లేదు. అర్హత మార్కు 25 శాతం, అంటే 40. కళ్ళు మూసుకొని అన్నింటికీ ఏదో ఒక జవాబు గుర్తించినా సగటున వచ్చేవి ఆ 40 మార్కులే! అర్హత సాధించాడని మిఠాయి పంచే ముందు తండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అందరికీ ఒకే ప్రశ్నాపత్రం ఇస్తే అందరికీ న్యాయం జరిగినట్లే అన్న నమ్మకం మన దేశంలో పాతది. తెల్లదొరలు ఐ.సి.ఎస్. పదవులకు పోటీ పరీక్షను 1855లో మొదలుపెట్టారు. కాగితం మీద అది భారతీయులకూ తెరిచిన తలుపే. కానీ పరీక్ష లండన్‌లో జరిగేది. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఒక్కరు నెగ్గారు. ఇక్కడే ఆ పరీక్ష రాసే వీలు 1922లో గాని రాలేదు. ప్రశ్నాపత్రం ఒకటే, ఓడ టికెట్టు మాత్రం వేరు. నేటి పరీక్షలకూ ఓడ టికెట్లు ఉన్నాయి. కోచింగ్ ఒకటి, భాష ఒకటి, పాఠ్యపుస్తకం ఒకటి.

పాఠ్యపుస్తకం అన్నందుకు ఆశ్చర్యపోకండి. 2024 నీట్ గురించి పత్రికల్లో లీకేజీ వార్తలే నిండిపోయాయి. వాటి నడుమ ఒక భౌతికశాస్త్ర ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వైనం చాలామంది గమనించలేదు. పరమాణువుల గురించి రెండు వాక్యాలు ఇచ్చి ఏది సరైనదో చెప్పమన్నారు. ప్రతి మూలకం పరమాణువులూ స్థిరమైనవే అని ఎన్.సి.ఇ.ఆర్.టి. పాత పుస్తకంలో ఉంది. కొత్త పుస్తకంలో దాన్ని "చాలా మూలకాల" అని దిద్దారు. పాత పుస్తకం చదివినవారు ఒక జవాబు పెట్టారు, కొత్తది చదివినవారు మరొకటి. పరీక్ష జరిపిన ఎన్.టి.ఏ. రెండు జవాబులకూ మార్కులిచ్చింది. కోర్టు ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులను అడిగితే, కొత్త పుస్తకం ప్రకారమున్న జవాబు ఒక్కటే సరైనదని తేల్చారు. నాలుగు లక్షలకు పైగా విద్యార్థులు పాత పుస్తకపు జవాబు పెట్టినవారే. వారికి వచ్చిన నాలుగు మార్కులు పోయి, పైగా ఒక మార్కు కోత పడింది. మొదట 67 మంది 720కి 720 తెచ్చుకున్నారని ప్రకటించారు. సమయం చాలలేదని ఇచ్చిన గ్రేసు మార్కులు రద్దయి, ఈ ప్రశ్న సరిదిద్దబడి, చివరకు 17 మంది మిగిలారు.

ఐదు మార్కుల తేడా నీట్‌లో వేల ర్యాంకుల తేడా. ఇంతకూ పాత పుస్తకం ఎవరి ఇంట్లో ఉంటుంది? అన్న చదివిన పుస్తకం తమ్ముడు చదివే ఇంట్లో. పాత పుస్తకాల దుకాణంలో సగం ధరకు కొనే ఇంట్లో. శాస్త్రం ప్రకారం నిపుణులు చెప్పింది ఒప్పే. నేను వారిని తప్పు పట్టడం లేదు. కానీ ఏ అధికారీ ఏ చెడు తలంపూ లేకుండానే పేదవానికి ఐదు మార్కుల జరిమానా ఎలా పడుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇక భాష. 2017లో నీట్‌ను తెలుగుతో సహా 10 భాషల్లో నిర్వహించారు, ఉర్దూ లేదు. ఒక విద్యార్థి సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2018 నుంచి ఉర్దూను చేర్చాలని కోర్టు ఆదేశించింది. 2021లో పంజాబీ, మలయాళం కలిసి 13 భాషలయ్యాయి. ఆ రోజు ఉర్దూ పత్రికల్లో సంబరం నేను మరచిపోలేదు, ఆ సంబరంలో నేనూ ఉన్నాను. కానీ ఆ తరువాత తరగతి గదిలో చూసింది వేరు.

మన బాలికల పాఠశాలల్లో పదవ తరగతి దాకా ఉర్దూ మీడియం. ఆ తరువాత ఉర్దూలో సైన్సు ఇంటర్ చెప్పే కళాశాల ఎన్ని ఊళ్ళలో దొరుకుతుంది? దొరకదు కాబట్టి పిల్ల ఇంగ్లీషు మీడియంలో చేరుతుంది. పదిలో "జియాయీ తాలీఫ్" అని చదివినదాన్నే ఇంటర్‌లో "ఫొటోసింథసిస్" అని చదువుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పక్క బెంచీ పిల్ల అదే విషయాన్ని "కిరణజన్య సంయోగక్రియ" అని నేర్చుకొని వస్తుంది. ముగ్గురికీ ఆకు ఒకటే, ఎండ ఒకటే. రెండేళ్ళ తరువాత ఉర్దూ ప్రశ్నాపత్రం ముందుకు వస్తే, దానిలోని "నామియాతీ కీమియా" అనే ఆర్గానిక్ కెమిస్ట్రీ పదాలు ఆ పిల్లకు కొత్త. ఇంగ్లీషు ప్రశ్నలో పదాలు తెలుసు, వాక్యం మాత్రం గబగబా అర్థం కాదు. పైగా అనువాదంలో సందిగ్ధం వస్తే ఇంగ్లీషు ప్రతినే ప్రమాణంగా తీసుకొంటామని నిబంధన. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత కాబట్టి, అనుమానం వచ్చిన ప్రశ్నను ఇలాంటి పిల్ల వదిలేస్తుంది. ధైర్యంగా గుర్తించడం కూడా కోచింగులో నేర్పే విద్యే.

ఉర్దూలో వైద్యం చెప్పడం అసాధ్యమని అనేవారికి ఒక మాట. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు బోధనా భాష ఉర్దూ. అంతకు ముందు సంవత్సరమే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి పుస్తకాలు తయారు చేయించారు. తరువాత వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. ముందు పుస్తకం, తరువాత పాఠం, ఆ తరువాత పరీక్ష. అది వాళ్ళు పాటించిన వరుస. మనం ముందు ప్రశ్నాపత్రం సాధించుకున్నాం, పుస్తకాన్నీ పాఠాన్నీ మరచిపోయాం. ఇది ప్రభుత్వం తప్పు మాత్రమే కాదు. కోర్టు ఉత్తర్వుకు పూలదండలు వేసిన మన సంఘాలు ఆ తరువాత ఒక జీవశాస్త్ర పుస్తకాన్నైనా అచ్చు వేయించలేదా అని మన ఊళ్ళో మనం అడగాలి.

మైనారిటీ కళాశాలల వ్యవహారం కూడా దీనితో ముడిపడినదే. ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించుకొనే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ప్రకారం మాకు ఉన్నది, నీట్ మాకు వర్తించదు అని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల తదితర సంస్థలు పోరాడాయి. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరొకవైపుగా నీట్‌ను కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును వెనక్కు తీసుకొన్నది. ఆ ఏడే చట్టంలో నీట్‌ను చేర్చారు. 2020 ఏప్రిల్ 29న వచ్చిన తీర్పులో, నీట్ మైనారిటీ సంస్థల హక్కును హరించదని కోర్టు చెప్పింది. అంటే మైనారిటీ విద్యార్థులను చేర్చుకోవచ్చు, కానీ నీట్ అర్హత ఉన్నవారి నుంచి, వారి ప్రతిభా క్రమంలో.

ఇది మన హక్కు మీద దెబ్బ అని బాధపడే మిత్రులు నాకున్నారు. నేను వారితో ఏకీభవించలేను. సొంత పరీక్ష అంటే వెల్లూరులో ఒక అర్థం ఉండవచ్చు. చాలాచోట్ల దాని అర్థం డబ్బు సంచి. మైనారిటీ పేరు బోర్డు మీద ఉన్నచోట మైనారిటీ ఆటోడ్రైవరు కూతురికి సీటు దొరకని రోజులు మన కళ్ళ ముందు గడిచాయి. ఆ తలుపును మూసినందుకు నాకు నీట్ మీద ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు వేరే. డబ్బు సంచిని ముందు తలుపు దగ్గర ఆపి, వెనుక తలుపు తెరిచి ఉంచారు. 2025 నీట్‌ను 22 లక్షల మందికి పైగా రాస్తే, 12 లక్షల 36 వేల మంది అర్హులయ్యారు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా ఇరవై వేలకు అటూ ఇటూ. ఒక సీటుకు పదిమంది అర్హులు. ముందు వరుసలోనివారికి ప్రభుత్వ కళాశాల దొరుకుతుంది. ఆ తరువాత? ఎనభై వేల ర్యాంకు పేదవాడు ఫీజు చూసి వెనక్కు తిరుగుతాడు, ఆరు లక్షల ర్యాంకు ధనికుడు యాజమాన్య కోటాలో తెల్లకోటు తొడుగుతాడు. ఇద్దరూ "నీట్ అర్హులే". పీజీ వైద్య సీట్లు మిగిలిపోతున్నాయని 2023 సెప్టెంబరులో అర్హతను సున్నా పర్సెంటైల్‌కు దించారు. అంటే పరీక్ష రాసిన ప్రతివాడూ అర్హుడే. ప్రతిభ కోసమే ఈ పరీక్ష అని ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదించినవారు ఆ రోజు ఏ ముఖంతో సంతకం పెట్టారో నాకు అర్థం కాలేదు.

రిజర్వేషన్ గురించి కూడా ఒక అపోహ తొలగాలి. 2007 చట్టం ద్వారా వచ్చిన బీసీ-ఇ 4 శాతాన్ని హైకోర్టు కొట్టివేస్తే, 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. దానివల్ల మన పిల్లలు ఎందరో ఇంజనీర్లు, డాక్టర్లు అయ్యారు. కానీ అది రాష్ట్ర సీట్లకు సంబంధించినది. రాష్ట్రం ఇచ్చిన బీసీ-ఇ పత్రం చేతిలో ఉన్నంత మాత్రాన కేంద్ర కోటాలో ఓబీసీ అయిపోరు. కేంద్రం జాబితా వేరు. దరఖాస్తులో ఈ గడి తప్పు నింపి కౌన్సెలింగులో ఏడ్చినవారిని చూశాను. పత్రాలు ఫలితాల తరువాత కాదు, దరఖాస్తుకు ముందే సరిచూసుకోవాలి. మరో సంగతి, నీట్‌కు సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవారిని అనుమతిస్తూ, తనిఖీ కోసం ముందుగా రమ్మంటారు. బురఖాలో వచ్చే పిల్లను గేటు మూసే వేళకు కాక ఇంకా ముందుగానే దింపి రావలసిన బాధ్యత తండ్రిది.

తమిళనాడు వేరే దారి పట్టింది. 2006 నాటి చట్టంతో ప్రవేశ పరీక్షలను తీసివేసి ప్లస్ టూ మార్కులతోనే వృత్తివిద్యా సీట్లు ఇచ్చింది. నీట్ వచ్చి వైద్య సీట్లలో ఆ దారికి అడ్డుపడింది. నీట్ నుంచి మినహాయింపు కోరుతూ శాసనసభ 2021లో చేసిన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. ఆ పోరాటం కంటే నాకు నచ్చింది 2020లో వారు నిశ్శబ్దంగా చేసిన పని. ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ అర్హత సాధించినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం ప్రత్యేకించారు. పరీక్ష అందరికీ ఒకటే, వరుస మాత్రం వేరు. కోచింగు కొన్నవానితో కొననివాణ్ణి ఒకే గీత మీద నిలబెట్టకుండా, కొననివారిలో ఎవరు ముందున్నారో చూశారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆలోచన ఎందుకు బలంగా వినిపించదో నాకు తెలియదు. ప్రభుత్వ బడి ఉర్దూ పిల్లకూ, తెలుగు పిల్లకూ, తండా పిల్లకూ అది సమానంగా పనికివస్తుంది. దానికి మతంతో పని లేదు కాబట్టి కోర్టు గొడవలూ తక్కువ.

అమెరికాలో పరీక్షలే ఎత్తేశారు కదా అని కొందరు చదువుకున్న యువకులు అంటుంటారు. సగం నిజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2020లో శాట్ పరీక్షను వదులుకోవడానికి తీర్మానించి, 2021 ఒప్పందం తరువాత ఆ మార్కులను చూడడమే మానేసింది. కోవిడ్ కాలంలో వందల కళాశాలలు "ఇష్టమైతే పంపండి" అన్నాయి. కానీ ఎం.ఐ.టి. 2022 మార్చిలోనే పరీక్షను తిరిగి తెచ్చింది. 2024లో డార్ట్‌మత్, యేల్, హార్వర్డ్ అదే దారి పట్టాయి. కారణం వినదగినది. పరీక్ష లేకపోతే మిగిలేవి వ్యాసాలు, సిఫారసు ఉత్తరాలు, ఖరీదైన బడిలో దొరికే పెద్ద కోర్సులు. అవన్నీ ధనికుల వాకిట్లోనే ఎక్కువ. పేద ఇంటి పిల్లలు తమ మార్కులు చాలవేమోనని దాచుకున్నారు. పంపి ఉంటే వారికి మేలు జరిగేదని డార్ట్‌మత్ తన సొంత పరిశీలనలో తెలుసుకొన్నది. అయితే అక్కడ మార్కును చూసే తీరు వేరు. ఈ మార్కు తెచ్చుకున్న పిల్ల ఏ బడి నుంచి వచ్చింది, ఆ బడిలో మిగతావారికి ఎంత వచ్చింది అని కూడా చూస్తారు. మన దగ్గర కంప్యూటరుకు బడి పేరు తెలియదు.

నా వరకు నేను మదరసాలో చదువుకున్నవాణ్ణి. అక్కడ ఉస్తాదు ఎదురుగా కూర్చోబెట్టి కితాబు తెరిచి అడిగేవారు. తడబడితే ఎక్కడ తడబడ్డామో చూసి ఆ పక్క వాక్యం అడిగేవారు. లక్షల మందిని అలా అడగడం కుదరదని నాకూ తెలుసు. అందుకే పరీక్ష వద్దని అనను. ఇంటర్ మార్కుల పాతిక పాళ్ళు తెలంగాణలో తిరిగి రావాలని, ఆంధ్రలో నిలవాలని, ప్రభుత్వ బడి పిల్లలకు ప్రత్యేక వరుస రెండుచోట్లా ఉండాలని మాత్రం అంటాను.

మెట్ల మీద లెక్క వేసిన ఆ కాగితాన్ని అలంపూర్ ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. కర్నూలు తోడల్లుడి చిన్న కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, నీట్ రాయాలనుకుంటున్నది. దరఖాస్తులో ప్రశ్నాపత్రం భాష దగ్గర ఏది గుర్తించాలని అడగడానికి మరునాడు తండ్రితో మా ఇంటికి వచ్చింది. బాగా ఆలోచించి గుర్తించాలని చెప్పాను. పాత నీట్ పత్రం నుంచి అదే ప్రశ్నను రెండు భాషల్లో ఇచ్చి చదవమన్నాను. ఇంగ్లీషులో ఒకసారి, ఉర్దూలో రెండుసార్లు చదివింది. "చచ్చా, ఉర్దూలో వాక్యం అర్థమైంది, ఇంగ్లీషులో పదాలు అర్థమయ్యాయి" అన్నది. ఉర్దూ ఎంచుకున్నవారికి ఇచ్చే పత్రంలో పక్కనే ఇంగ్లీషు కూడా ఉంటుందని చెప్పాను. ఆ పిల్ల ముఖం కొంచెం తేలికపడింది. వెళ్తూ వెళ్తూ, నా దగ్గర ఉన్న పదవ తరగతి ఉర్దూ జీవశాస్త్రం పుస్తకం పట్టుకెళ్ళింది.